పంచితం మచ్చలు

తేనెమైనం కరిగే వాసన కమ్మగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అన్నం వండుకునే పొయ్యి మీద రోజు విడిచి రోజు దాన్ని కరిగించి చూడమనండి. అందులో రంగులవాళ్లు వాడే టర్పెంటు నూనె పోసి, దీపం మసి వేసి, అడుగంటకుండా కలియబెట్టమనండి. నాలుగో రోజుకు జొన్నరొట్టె కూడా అదే వాసన వేస్తుంది. నా కాపురం ఆరేళ్లూ ఆ కంపులోనే గడిచింది.

ఆ మైనం మా దొర కారుకు. పెద్దమందడి దాటి నాలుగు కోసులు పోతే మా ఊరు, ఊరికి నెత్తి మీద గడీ, గడీలో ఆ పెద్ద నల్లకారు. జర్మన్ లడాయికి ముందు మైనం డబ్బాల్లో హైదరాబాదు నుంచి వచ్చేదట. లడాయి మొదలయ్యాక డబ్బాలూ రాలేదు, పెట్రోలూ దొరకలేదు. ఆ కారు నడిచింది తక్కువ, మెరిసింది ఎక్కువ. నెలకొకసారి కదిలే బండికి వారానికి మూడుసార్లు మెరుగు పెట్టాలి. పెట్టేది మా ఆయన యేసయ్య. మైనం వండేది నేను.

మా వాడ నుంచి ఇంటికొకరు గడీకి వెట్టికి పోవాలి. కూలి లేదు, వేళాపాళా లేదు, పిలిస్తే పోవాలి. కారు పని ఉన్నన్నాళ్లు మా ఇంటికి ఆ వెట్టి మాఫీ. అంటే నేను గడీ గడప తొక్కనక్కర లేదు. గడీలో ఊడవడానికి పోయిన ఆడవాళ్లు ఎట్లాంటి ముఖాలతో తిరిగొస్తారో నేను వాడలో చూస్తూనే ఉన్నాను. అందుకే ముక్కు మూసుకుని మైనం వండాను.

పని మాత్రం అతను గొప్పగా చేసేవాడు, అది ఒప్పుకోవాలి. ముందు నీళ్లతో కడిగేవాడు. ఆరాక కళ్లు మూసుకుని రెండు అరచేతులూ కారు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపేవాడు. అన్నంలో రాయి పంటికి తగిలినట్టు, ఇసుక రేణువు ఎక్కడున్నా అతని చేతికి తెలిసిపోయేది. దాన్ని గోటితో తీసేసి, మైనం ముద్దను వేడెక్కేదాకా చేతుల మధ్య నలిపి, గుడ్డతో కాదు, ఉత్త అరచేత్తోనే పూసేవాడు. గుండ్రంగా తిప్పితే ఎండలో చారలు కనిపిస్తాయని, పొడుగునా ఒకే దిక్కుకు రుద్దేవాడు. ఒక పూట ఆగి మల్లుగుడ్డతో తుడిస్తే, ఆ నలుపులో మబ్బులు కదలడం కనిపించేది.

"మనిషి మొకం లెక్క చూసుకోవాలె దాన్ని," అనేవాడు నాతో.

"నా మొకం ఎన్నడన్న గట్ల చూసుకున్నవా?" అనేదాన్ని.

నవ్వేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. అరచేతుల్లో గీతలన్నీ అరిగిపోయి, చంటిపిల్లల పాదాల్లా నున్నగా ఉండేవి. నాకు అతనిలో బాగా నచ్చినవి ఆ చేతులే.

ఇక అసలు రోత చెప్తాను. మెరుగు పెట్టడం అయిపోయి మా ఆయన పదడుగులు వెనక్కి జరిగాక, గడీ పెత్తనం చూసే శంకరయ్య చెంబు పట్టుకుని వచ్చేవాడు. చెంబులో ఆవు పంచితం, అంటే ఆవు ఉచ్చ. మా చెయ్యి తగిలిన కారు కదా, శుద్ధి చేయకుండా దొర ఎట్లా ఎక్కుతాడు? బోధకుడు బాప్తిస్మమని మమ్మల్ని వాగులో ముంచి లేపి పదేళ్లయినా గడీవాళ్ల కళ్లకు మేము మాదిగోళ్లమే. శంకరయ్య మామిడి రెమ్మతో ఆ పంచితం కారంతా చల్లేవాడు. ఎండకు అది ఆరి, నల్లటి మెరుగు మీద తెల్లతెల్లగా మచ్చలు పడేవి. సాయంత్రం దొర వచ్చి, ఆ మచ్చలు చూసి, మా ఆయన తల్లినీ చెల్లినీ కలిపి తిట్టేవాడు. మా ఆయన రోజు విడిచి మళ్లీ మైనం పూసేవాడు. శంకరయ్య మళ్లీ చల్లేవాడు. ఆరేళ్లు ఇదే భాగోతం. మచ్చలు ఎందువల్ల పడుతున్నాయో దొరకు తప్ప గడీలో అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టడానికి మాత్రం ఎవరూ లేరు.

లడాయి ముగిసిన ఏడు, బతుకమ్మ ఇంకా మొదలుకాక ముందే దొర కొడుకు, చిన్నదొర, హైదరాబాదు నుంచి దిగాడు. గద్వాల దిక్కు ఏదో పెద్దింటి పిల్లతో అతనికి నిశ్చితార్థం కుదిరింది. దీపావళి వెళ్లాక శుక్రవారం అందరూ ఆ కారులోనే కృష్ణ దాటి పోవాలి. చిన్నదొర వస్తూ వస్తూ మిలిటరీవాళ్లు వేలం వేసిన కరెంటు ఇంజను ఒకటి, దానితో ఒక మెషీను తెచ్చాడు.

ఆ కబురు మోసుకొచ్చింది కారు డ్రైవరు చాంద్ పాషా. మా గుమ్మంలో నిలబడి టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"చెల్లె, ఎట్ల చెప్పాల్నో తెల్వదు. ఇగ కారుకు యేసన్న చెయ్యి అక్కర లేదంట. మెషీనొచ్చింది. ముందల గుండ్రంగ పళ్లెం, దానికి గొర్రెబొచ్చు టోపీ. బటన్ ఒత్తితే గిర్రున తిరుగుతది. నన్ను పట్టుకొమ్మన్నడు చిన్నదొర. మెషీనుకు కులం లేదు, పంచితంతో పని లేదు అని ఒకటే మురుస్తుండు."

మా ఆయన అడిగిందల్లా ఒకటే: "దానికి ఇసుక తెలుస్తదా?"

"గుండ్రంగ తిరుగుడే తెలుసు దానికి," అన్నాడు పాషా.

"ఇసుక తెల్వకుంట మెరుగెట్ల పెడ్తది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లు కాలుతుంటే ఇతనికి ఇసుక బెంగ. "మరి మాకు వెట్టి మాఫీ?" అని అడిగాను.

చాంద్ పాషా తలవంచుకున్నాడు. "రేపు పొద్దుగాల సంది నిన్ను రమ్మన్నరు చెల్లె. శంకరయ్య చెప్పుమన్నడు."

పోయాను. పోకపోతే ఏం చేస్తారో తెలుసు కాబట్టి పోయాను. గడీ వాకిలి ఎంత పొడుగుందో ఊడిస్తేనే తెలుస్తుంది. ఊడ్చి, పేడనీళ్లు చల్లి, వడ్లు దంచి, గొడ్ల కొట్టం ఎత్తిపోసి, మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే, రాత్రి వాళ్లు తినగా మిగిలి పులిసిన అన్నం విస్తరాకులో దూరం నుంచి జారవిడిచేవారు. దాహమంటే దోసిలి పట్టమని, మనిషెత్తు నుంచి నీళ్లు పోసేవారు. సగం ముఖం మీద, సగం రొమ్ము మీద పడేవి. ఆ తడి కోసమే అన్నట్టు, అప్పుడే నిద్రలేచిన చిన్నదొర అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ చూసేవాడు. నేను వంగినంతసేపూ చూసేవాడు. నాలుగో రోజు వేపపుల్ల ఉమ్మేసి, "మాపటికి లోపలి అర్ర ఊడ్వాలె, ఉండిపో," అన్నాడు. కడుపులో తిప్పుతోందని చెప్పి బయటపడ్డాను. అది అబద్ధం కూడా కాదు. గడీ గోడ దాటగానే కక్కుకున్నాను.

"ఇంకెన్ని దినాలు తప్పించుకుంట?" అన్నాను ఇంటికొచ్చి.

మా ఆయన ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "మెషీను పని చెయ్యది సరోజా. మళ్ల నన్నే పిలుస్తరు," అన్నాడు. అతని ధైర్యమంతా అంతే.

దసరా ముందురోజు శంకరయ్య నా ముందు ముగ్గురాయి గంప కుమ్మరించాడు. "మెత్తగ దంచు. గుడ్డల జల్లించు. రేపు ఆయుధపూజకు దొరసాని కారు మీద పద్మం ముగ్గేస్తది," అన్నాడు. దంచాను. ఒళ్లంతా మంటగా ఉంది, దంచిన ప్రతి పోటూ చిన్నదొర పళ్ల మీద పడుతున్నట్టు దంచాను. జల్లించడానికి మాత్రం చేతులు రాలేదు. బరకబరకగానే డబ్బాలోకి ఎత్తి ఇచ్చేశాను. అప్పటికి నా మనసులో ఏ దురాలోచనా లేదు. విసుగు, అంతే.

దసరా నాడు కత్తులు, బల్లేలు, తుపాకులు, ఇనప్పెట్టె, కారు, కొత్త మెషీను, అన్నిటికీ పూజ. దొరసాని ముగ్గుపొడిని నీళ్లలో కలిపి కారు మూతి మీద, తలుపుల మీద, వెనక పెట్టె మీద పెద్ద పెద్ద పద్మాలు వేసింది. పూజారి అయ్యగారు పసుపు కుంకుమలు అద్ది, అక్షింతలు చల్లాడు. మెషీనుకున్న గొర్రెబొచ్చు టోపీకి కూడా ఇన్ని పూసి దండం పెట్టాడు. ఎండకు అంతా కారు మీద పెచ్చుకట్టి ఎండిపోయింది.

మర్నాడు నేను వాకిలి ఊడుస్తుండగా ఇంజను స్టార్టు చేశారు. గడీ అంతా వింత చూడడానికి పోగయింది. చాంద్ పాషా మెషీను రెండు చేతులతో పట్టుకుని కారు దగ్గరకు పోయి ఆగిపోయాడు.

"హుజూర్, ముందుగాల ఈ ముగ్గు కడగాలె. యేసన్నను పిలుస్త, జర కడుగుతడు," అన్నాడు.

"పూజ జేసిన ముగ్గురా అది. మాదిగోని చెయ్యి పెట్టిస్తవా?" అన్నాడు శంకరయ్య.

"అయితే నేనే కడుగుత."

"తురకోని చెయ్యి మాత్రం పెడ్తరా?"

"మరి మీరన్న కడుగుండ్రి."

శంకరయ్య చెవులు మూసుకున్నంత పని చేశాడు. బండి కడగడం అతని కులానికి తక్కువ. అయ్యగారు అటు తిరిగి నిలబడ్డాడు. అంతమందిలో తడిగుడ్డ పట్టగలిగిన చెయ్యి ఒక్కటీ లేకపోయింది. చిన్నదొర ఫకాలున నవ్వాడు. "అందుకే గదరా మెషీను తెచ్చింది! ముగ్గుతోనే తిప్పు. అదే తుడుస్తది, అదే మెరుగు పెడ్తది."

ఆరేళ్లు కారు మైనం వండినదాన్ని. ఒక్క ఇసుక రేణువు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ ముగ్గులో ఉన్నది ఇసుక కూడా కాదు, నేను జల్లించని రాయి. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

మెషీను గయ్యిమంది. ముగ్గు పొగలా లేచింది. కరకరమని చప్పుడు, ఎవరో పళ్లు నూరుతున్నట్టు. చాంద్ పాషా ఆపబోతే చిన్నదొర అతన్ని తోసేసి తానే పట్టుకున్నాడు. మూతంతా తిప్పాడు, తలుపులు తిప్పాడు, చక్రాల మీది రెక్కల అంచుల దగ్గర గట్టిగా అదిమాడు. పొగ వాసన వచ్చింది. ఆపి చూస్తే, నల్లటి కారు నిండా వందల కొద్దీ తెల్లటి సున్నాలు, ఒకదాని మీద ఒకటి. రెక్కల అంచుల్లో రంగు కాలిపోయి ఇనుము బయటపడింది. కుంకుమ ఆ గీతల్లో ఇంకిపోయి, కారుకు గజ్జి లేచినట్టుంది.

 చిన్నదొర మెషీను కింద పడేసి, కాలి చెప్పు తీసి చాంద్ పాషాను చెంప మీద కొట్టాడు. "సరిగ్గ పట్టుకోవొస్తదారా నీకు?" అని మళ్లీ కొట్టాడు. నేను ముగ్గురాయి దంచిన నాడు పాషా చూశాడు. డబ్బాలో బరకను వేళ్లతో నలిపి కూడా చూశాడు. దెబ్బలు తింటూ ఒక్కసారి నా వైపు చూశాడే తప్ప నా పేరు ఎత్తలేదు. అంత మంచివాణ్ణి కొట్టించుకోనిచ్చి నేను కళ్లు దించుకున్నాను. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఆ సాయంత్రమే మా ఆయనకు పిలుపు వచ్చింది. దొర స్వయంగా పిలిపించాడట. పరుగెత్తబోతుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"చూడయ్యా. ఇప్పుడు అవసరం వాళ్లది. దీపావళి దాటిన శుక్రారానికి కారు కావాలె. నువ్వు తప్ప దాన్ని బాగుచేసేటోడు లేడు. చేసినంక ఏం కావాల్నని అడుగుతడు దొర. వెట్టి మాఫీ అడుగు. సరోజ గడీకి రాదు అని చెప్పు. ఒక్కటే మాట. అడుగుతవా?"

"అడుగుత."

"ప్రభువు మీద ఒట్టు?"

"ఒట్టే. నన్ను పోనీ, కారెట్లుందో ఏందో," అన్నాడు.

పదకొండు రోజులు చేశాడు. వడ్ల ఊక కాల్చిన బూడిదను మూడుసార్లు గుడ్డలో జల్లించి, నువ్వుల నూనెతో తడిపి, ఒక్కొక్క గీతను అరచేత్తోనే అరగదీశాడు. గుడ్డ వాడమంటే, గుడ్డకు గీత లోతు తెలియదన్నాడు. కాలిన అంచులకు మసి కలిపిన మైనం పొర మీద పొర దట్టించాడు. ఐదో రోజుకు చేతులు పొక్కాయి. ఏడో రోజుకు తోలు లేచిపోయింది. ఇంటికొచ్చి రొట్టె తుంచలేకపోతే నేనే తినిపించేదాన్ని. మైనం, చీము, నూనె కలిసిన ఆ వాసనకు నాకు ముద్ద దిగేది కాదు. అయినా మనసులో ఒక ఆశ. వెట్టి పోతే చాలు, ఈ చేతులు నేను బాగుచేసుకుంటాననుకున్నాను.

కారు పని తిరిగొచ్చినా దొర నోటి మాట లేనిదే మాఫీ తిరిగి రాదు, అందుకే ఆ పదకొండు రోజులూ నేను గడీలో ఊడుస్తూనే ఉన్నాను. చిన్నదొర కళ్లు నా వీపున పాకుతూనే ఉన్నాయి. నిశ్చితార్థం హడావుడి నన్ను కాపాడింది, అంతే.

పన్నెండో నాడు పొద్దున మల్లుగుడ్డతో చివరి తుడుపు తుడిచి, మా ఆయన పదడుగులు వెనక్కి జరిగాడు. దొర వచ్చి కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క గీత లేదు. అద్దం కూడా అంత బాగుండదు. చీపురు పట్టుకుని నేను పది గజాల దూరంలో ఉన్నాను.

"శెభాష్‌రా యేసిగా," అన్నాడు దొర. ఆరేళ్లలో తిట్టు లేకుండా అతని పేరు పలకడం అదే మొదటిసారి. "ఏం గావాల్నో అడుగు."

మా ఆయన చేతులు కట్టుకున్నాడు. నా దిక్కు చూశాడు. నేను తలూపాను. అంతలో శంకరయ్య చెంబూ మామిడి రెమ్మా పట్టుకుని లోపలి నుంచి వచ్చాడు. మా ఆయన చూపు నా మీద నుంచి ఆ చెంబు మీదికి పోయింది.

"బాంచెన్ దొరా, ఒక్కటే మాట," అన్నాడు. "కారు మీద పంచితం చల్లకుండ్రి. మచ్చలు పడ్తయ్."

నా చెవులను నేను నమ్మలేదు. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. ఆరేళ్లుగా ఎవరూ అనలేని మాట అన్నాడు, నిజమే. కానీ అన్నది తన కోసం కాదు, నా కోసం కాదు. కారు కోసం.

శంకరయ్య చెంబుతో అక్కడే ఆగిపోయాడు. దొర మీసం దువ్వుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "నిజమేనురా. నాకు తోచనే లే ఇన్ని దినాలు. ఓ శంకరయ్యా, ఇగ కారు మీద చల్లకు. వీడు కారును ముట్టుకునేముందల వీని చేతులకు పొయ్యి."

మా ఆయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, తోలు లేని ఆ రెండు అరచేతులూ ముందుకు చాపాడు. శంకరయ్య చెంబు వంచాడు. మంటకు మా ఆయన పళ్లు బిగించాడు. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా పట్టాడు. లేచి నిలబడి, అటు తిరిగి కారును చూసుకున్నాడు. ముఖంలో తృప్తి. నాకు చూడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. అరవలేదు. అరిచే ఓపిక కూడా పోయింది.

"ఒట్టేసినవ్ గద."

"ఒక్కటే అడుగుమన్నడు సరోజా. చెంబు ఎదురుంగొచ్చే. చల్లితే పదకొండు దినాల కష్టం మన్ను పాలు. నీ సంగతి ఎప్పుడన్న అడగొచ్చు."

"చిన్నదొర ఎప్పుడన్న ఆగుతడా?"

అతను చేతులు చాపి, నూనె రాయమన్నట్టు నా ముందు పెట్టాడు. పంచితం కంపు ఇంకా పోలేదు. ఆరేళ్లు నాకు ప్రాణమైన చేతులు. వాటిని తాకడానికి నాకు రోత పుట్టింది. నూనె గిన్నె అతని పక్కన పెట్టి లేచాను.

వీపనగండ్ల మేస్త్రీ కురుమూర్తి అప్పుడే కూలీలను తీస్తున్నాడు. తుంగభద్ర మీద కట్ట పని పడ్డది, మునీరాబాదు దగ్గర. రాయి మోస్తే కూలి, ఉండటానికి గుడిసె, ఎవడి గడీ లేదు. శుక్రవారం పొద్దున బీచుపల్లి రేవులో పుట్టి ఎక్కి కృష్ణ దాటితే చాలు, అవతల ఒడ్డు మా దొరది కాదు. ఆ సంగతి మా ఆయనకు చెప్పాను.

"రేవు కాడ ఉంట. వస్తవా?"

"వస్త," అన్నాడు వెంటనే.

గురువారం చీకటితోనే మూట కట్టుకుని, వాడలో ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. అతను అప్పటికే గడీకి పోయాడు.

బీచుపల్లి రేవులో కృష్ణ నిండుగా ఉంది. నలభైమంది కూలీలు ఒడ్డున కూర్చున్నారు. మా ఆయన నిజంగానే వచ్చాడు. కానీ వచ్చింది కారుతో. రెండు పడవలు జోడించి పలకలు పరిచిన బల్లకట్టు కోసం కారు ఒడ్డున ఆగి ఉంది. చాంద్ పాషా పడవవాళ్లతో మాట్లాడుతున్నాడు. దొరలందరూ ఆంజనేయస్వామి దర్శనానికి గుడిలోకి పోయారు. మా ఆయన ఒక్కడే కారు పక్కన గొంతుకూర్చుని, దగ్గరికొచ్చే పిల్లలను అదిలిస్తున్నాడు.

"పుట్టి తయారున్నది," అన్నాను. "నడువు. వాళ్లొచ్చే లోపల్నే దాటుదం."

లేచాడు. నన్ను చూశాడు, నదిని చూశాడు. "ఇప్పుడెట్ల సరోజా? బల్లకట్టు మీద నీళ్లు చిమ్ముతయ్. అవతల దిగినంక ఒక్కపారి చెయ్యి పెట్టాలె. జర నిశ్చితార్థం గానీ. మర్లొచ్చినంక చూద్దం."

"మర్లొస్తే ఇగ నేనుండ."

"గట్ల మాట్లాడకు," అన్నాడు, నా వైపు కాక కారు వైపు చూస్తూ.

నేనూ చూశాను. ఆ తలుపు మీద నా రూపం నిలువునా కనబడుతోంది. నన్ను నేను అంత పెద్దగా, అంత స్పష్టంగా ఎన్నడూ చూసుకోలేదు. దవడలు పీక్కుపోయి, కళ్ల కింద నలుపెక్కి, నెత్తిన మూట. ఇరవైనాలుగేళ్లకే ముసలిదాన్నయ్యాను. నా పక్కన అతను, పక్కు కట్టిన చేతులు గాలిలో ఆడిస్తూ.  నోటి నిండా ఉమ్మి తెచ్చుకుని, ఆ తలుపు మీద, సరిగ్గా నా ముఖం మీదే తుపుక్కున ఉమ్మాను.

అతను ఎగిరిపడ్డాడు. చెయ్యెత్తాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొట్టలేదు. వంగి, తలుపు మీద ముఖం పెట్టినంత దగ్గరగా చూశాడు. ఉమ్మి ఆ మెరుగు మీద ఒక్క క్షణం కూడా అంటుకోలేదు. ముద్దగా జారి, అంచు దిగి, ఇసుకలో పడింది. తలుపు మీద తడి చార కూడా మిగల్లేదు.

అతను నా వైపు తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"నిలువలే!" అన్నాడు. "చూసినవా సరోజా? నిలువనే లే. మచ్చ గూడ పడలే!"

ఆ సంతోషం చూశాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. దొర మీద వేసిన అసహ్యం కన్నా, చిన్నదొర మీద వేసిన అసహ్యం కన్నా ఆ సంతోషం మీద పుట్టిన అసహ్యం పెద్దది. మూట సర్దుకుని రేవులోకి దిగాను. చాంద్ పాషా నన్ను చూసి, గుడి వైపు నుంచి నేను కనబడకుండా అడ్డం నిలబడి పడవవాళ్లతో గట్టిగట్టిగా మాట్లాడసాగాడు.

కురుమూర్తి చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు. "నీ మొగడేడి? ఇద్దరని చెప్పినవ్ గద?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే, రాసుకో," అని పుట్టి ఎక్కాను.